ఆఖరు చరణంల పేరు

కూసో రూతూ. సంచి కింద వెట్టి కూసో. సిరిసిల్ల బస్సు పోతె పోనీ, ఇంకోటి ఉంటది. యోహాను శవం ఇంకా చర్చిల నుంచి లేవనే లేదు, నువ్వు మాత్రం అందరు సూడంగ లేసి అచ్చినవ్. ఎందుకు లేసినవో నాకు ఎరుకే. గాడ పాడిన పాట ఆఖరు చరణంల ముత్తమ్మ అని మీ అవ్వ పేరు రాంగనే నీ మొకం మాడిపోయింది. చిన్నప్పటి సంది సూస్తున్న. ఆ పేరు ఇంటె నీకు ఒళ్లు మండుతది. మీ అవ్వ పోయిన దినం గూడ నువ్వు కంటతడి పెట్టలే. వాకిట్ల నిలవడి అచ్చినోళ్లకు నీళ్లిచ్చుకుంట తిరిగినవ్. నేను పల్లెత్తు మాట అనలే. ఇగ ఇయ్యాల అంట.

ఆ పాట మీ అవ్వది గాదు. యోహానుది. గాడ పాడె మీద పన్నడే, ఆయినెది. పోయినోన్ని తిట్టొద్దంటరు, నేను తిడ్త. ఇన్నేండ్లు నోట్లె మన్ను వోసుకున్నట్టు కూసున్న. ఎందుకంటవా? మీ అవ్వ నా చెయ్యి తన నెత్తి మీద వెట్టుకొని ఒట్టేయించుకున్నది. యోహాను బతికున్నన్ని దినాలు ఎవ్వలకు చెప్పొద్దు, రూతుకు అసలే చెప్పొద్దు అన్నది. మీ అవ్వ ముందుగాల పోయింది. నిన్న ఆయినె పోయిండు. ఇగ నా నోటికి అడ్డం ఎవలున్నరు?

మీ అవ్వ తన నోటితోనే ఒప్పుకున్నదంటవ్. నీ చెవులతోని నువ్వే ఇన్నవ్. ఒప్పుకున్నది బిడ్డా, నిజమే. ఎందుకు ఒప్పుకున్నదో ఇను.

నీకు గప్పుడు ఏం తెల్వదు. మీ నాయిన బుచ్చయ్య నాకు ఒక్కగానొక్క తమ్ముడు. నా మొగడు బొంబాయి పోయి గాడనే ఇంకో సంసారం పెట్టుకుంటె నేను తల్లిగారింటికి అచ్చిన. తమ్ముడు ఒక్క మాట అనలే, అర్ర సదిరి ఇచ్చిండు. నేను, మీ అవ్వ ఎదురెదురుగ చాటలు పెట్టుకొని పొద్దంత బీడీలు చేసేటోళ్లం. మీ నాయిన హమాలి. కోరుట్ల చుట్టుముట్టు ఊర్ల పసుపంత ట్రాక్టర్ల ఏసుకొని జగిత్యాల మార్కెట్‌కు పోయేటోడు. మంచోడు. కల్లు తాగుతడు, తాగితె జర మాట తూలుతడు, గంతే. నా తమ్ముడని చెప్తలేను.

ఒకపారి పండుగకు మాంసం తెమ్మంటె పైసలన్ని కల్లు మండువల పెట్టిండు. మీ అవ్వ గాడికే పోయింది. ఊరంత ఉన్నరు. గా దినాలల్ల నక్సలైటు అన్నలు ఊర్లల్లకు అచ్చి పంచాయితులు చేసేటోళ్లు. తాగి పెండ్లాన్ని కొట్టినోన్ని చావిడి కాడ నిలవెట్టేటోళ్లు. అందుకని ఆడోళ్లకు గదొక మాట దొరికింది. మొగడు లొల్లి చేసిండంటె సాలు, నిన్ను అన్నలకు అప్పజెప్త అని బెదిరిచ్చుడు. ఆమె అన్నది, ఈమె అన్నది, ప్రతి ఇంట్ల అన్నరు. మీ అవ్వ గూడ అన్నది. మండువల అందరు ఇనంగ అన్నది. మీ నాయిన నవ్వి, చెప్పులేసుకొని, దాని ఎంట ఇంటికి అచ్చిండు. ఇద్దరు ఒక్క కంచంల తిన్నరు గా దినం.

గా ఏడాది ఎండకాలం పోలీసులు యోహానును తోవ మీద పట్టుకొని ఠాణాకు తీస్కపోయిండ్రు. యోహానంటె మన చర్చిల పాటలు కట్టేటోడు, కంజర కొట్టి పాడేటోడు. ఆయినె పాట అందుకుంటె చంటిపిల్లలు గూడ ఏడుపు మానేటోళ్లు. ఇడిసిపెట్టినంక కుంటుకుంట అచ్చిండు. వేరే మనిషిననుకొని పట్టిండ్రట, తప్పయిందని పంపిండ్రట. మేం నమ్మినం. శాంత, ఆయినె పెండ్లాం, పసుపు నూరి కాళ్లకు కట్టింది. ఆ ఎన్కనే గుట్ట కింది మామిడితోటల పోలీసులు కాల్చిండ్రు. అన్నలు ఇద్దరు చచ్చిపోయిండ్రు. వాళ్లు తోటల ఉన్నట్టు ఊర్ల ఎవలో చెప్పిండ్రని గుసగుస మొదలయింది.

ఒకనాడు పొద్దుగూకేటాల్లకు అన్నలు మీ నాయినను పిలిసిండ్రు. ఒక ముచ్చటుంది రమ్మన్నరు. తమ్ముడు బువ్వ తినుకుంట లేసి చెయ్యి కడుక్కొని పోయిండు. తెల్లారి కోరుట్ల సడక్ మీద దొరికిండు. పోలీసుల మనిషికి ఇదే గతి అని ఒక కాయితం మీద రాసి రొమ్ము మీద పెట్టి, ఎగిరిపోకుంట రాయి పెట్టిండ్రు. ఆ రాయి తీసింది నేనే.

మన్ను పెట్టుటానికి ఒక్కలు రాలే. చర్చి పెద్ద ఐలయ్య తలుపేసుకున్నడు. ఆయిననేం అంటం, భయం అట్లాంటిది. పోలీసుల మనిషి అని పేరు పడ్డోని శవం ఎన్క నడిస్తె రేపు వాళ్ల తలుపు కొడ్తరు. ఒక్క యోహాను అచ్చిండు. పార భుజం మీద ఏసుకొని, కుంటుకుంట అచ్చిండు. బొంద ఆయినెనే తవ్విండు. పానం లెక్కచెయ్యకుంట అచ్చిండని నేను ఆయినె కాళ్లకు దండం పెట్టిన. ఇంటున్నవా? ఈ చేతులతోని దండం పెట్టిన. మీ అవ్వ, అన్నా, ఒక్క పాట పాడు, పాట లేకుంట ఎట్ల పంపుత అన్నది. గొంతు రాలే ఆయినెకు. నోరు తెరిసిండు, మల్ల మూసిండు. గట్లనే మన్ను పోసినం. పాట లేదు, ప్రార్థన లేదు.

మనకాడ సమాధుల పండుగకు ఊర్ల పోయినోళ్ల పేర్లన్ని చర్చిల చదువుతరు గదా. మీ నాయిన పేరు చదువలే. మీ అవ్వ ఐలయ్య ముందట మోకాళ్ల మీద కూసున్నది. కాలం మంచిగ లేదు బిడ్డా, పేరు తీస్తె అందరికి ముప్పు అన్నడు ఆయిన. రెండో ఏడు గూడ గదే మాట. మీ అవ్వకు బువ్వ లేకున్న నడిసేది, గా పేరు చదువకుంటె మాత్రం పానం పోయినట్టుండేది. నా మొగడు పోలీసుల మనిషి గాదు వదినె, ఒక్కపారి ఆయినె పేరు అందరి ముందట మంచిగ పిలిస్తె సాలు, ఇంకేం అడుగ అనేది. గంతే బిడ్డా. మీ అవ్వ బతుకుల అడిగింది గదొక్కటే.

గప్పుడే యోహాను ఒక పాట తెచ్చిండు. నా గొంతు సక్కగ లేదు చెల్లె, నువ్వు పాడు అని మీ అవ్వకు నేర్పిండు. ఎట్లుండె ఆ పాట.

కడుగవయ్యా కడుగవయ్యా
కడిగిన పోదయ్యా నెత్తురు
కత్తి వట్టలేదు, కట్టె వట్టలేదు
నోటితోని చంపిన నేనయ్యా

బైబిల్ల దావీదు రాజు ఏడ్సిన ఏడుపు మీద కట్టిన్నన్నడు. సరే అనుకున్నం. దావీదు ముచ్చట నీకు ఎరుకే గదా. తన సిపాయి ఊరియా పెండ్లాం మీద మనసు వడి, ఆ సిపాయిని లడాయిల ముందట నిలవెట్టి చంపిచ్చిండు. గా ఎన్క దేవుని ముందట ఏడ్సుకుంట పాట కట్టిండు. నాకు ఒక్కటే తేడ కొట్టింది. మన దిక్కు పాట కట్టినోడు ఆఖరు చరణంల తన పేరు వెట్టుకుంటడు. పాట ఎవలిదో, ఆ ఏడుపు ఎవలిదో గా పేరే చెప్తది. యోహాను అన్ని పాటలల్ల పెట్టుకున్నడు. ఈ పాటల మాత్రం పేరు ఉండాల్సిన కాడ దిక్కులేని పాపి మొక్కంగ ఇనవయ్యా అని పెట్టిండు. ఇదేందన్నా అని అడిగిన. ఇది అందరి పాట అక్కా అన్నడు. ఎంత మంచోడో అనుకున్న. థూ.

మీ అవ్వ ఆ పాట పాడితె మాకు బీడీల మీద చెయ్యి ఆడకపోయేది. ఒకనాడు పాడి పాడి ఆపి, వదినె, ఇది నా కోసమే కట్టినట్టుంది అన్నది. ఎందుకే అన్న. మండువల అన్న గదా, అన్నలకు అప్పజెప్త అని, నా నోటి మాట తోటే ఆయినె పోయిండు అన్నది. పిచ్చిదానా, గట్లయితె జిల్లాల మొగోడే మిగులడు అని తిట్టిన. ఇనలే. గా మాట లోపల్లోపల దాన్ని తింటున్నదని నాకు గప్పుడు తెలిసింది. చేసినోడు పేరు పెట్టుకోలే, చెయ్యనిది తనదే అనుకొని పాడుకుంట ఏడ్సింది.

కోరుట్ల ప్రార్థన కూటాలల్ల పాడింది. నాలుగు దిక్కుల నుంచి మంది అచ్చిండ్రు. సిరిసిల్ల నుంచి చంద్రవ్వ అని ఒకామె, ఆమె గూడ బీడీలు చేసేదే, మీ అవ్వ పక్కన కూసుండి పాటంత నేర్సుకున్నది. సిరిసిల్ల పోయి తన జట్టోళ్లకు నేర్పింది. వాళ్లకు పేరు లేని పాట మింగుడు వడలే. పాడింది ముత్తమ్మ, కట్టింది గూడ ముత్తమ్మనే అయి ఉంటది, పాపం సిగ్గుకు పేరు వెట్టుకోలే అనుకున్నరు. ప్రేమతోనే బిడ్డా, వాళ్లను తప్పువట్టను. దిక్కులేని తీసేసి పాపి ముత్తమ్మ మొక్కంగ ఇనవయ్యా అని పెట్టిండ్రు. మల్లేడాది కూటాలకు అందరు గట్లనే పాడుకుంట అచ్చిండ్రు. మీ అవ్వ మొకం ఎర్రగయింది. నాది గాదు అని చంద్రవ్వకు చెప్పింది. ఆమె నవ్వి చెయ్యి వట్టుకున్నది. పక్కపొంటి యోహాను ఉన్నడు. కంజర కొట్టుకుంట తల వంచుకున్నడు. నాది అనలే.

ఇగ ఆడ మొదలయింది. నోటితోని చంపిన అని పాట, కింద ముత్తమ్మ అని పేరు. మొగడేమో అన్నల చేతుల పోయిండు. మండువల మాట ఊరంత ఇన్నది. కలుపుకున్నరు. ముత్తమ్మనే మొగని మీద అన్నలకు లేనిపోనిది చెప్పిందట, గిప్పుడు దేవుని ముందట ఏడుస్తుందట. బావి కాడ అన్నరు, బీడీ కంపెనీ కాడ అన్నరు. నేను కొప్పులు వట్టి కొట్లాడిన. ఎందరితోని కొట్లాడుత?

నీకు యాదికున్నదో లేదో. బడి నుంచి అచ్చి పలక పడేసినవ్. అవ్వా, నాయినను నువ్వే చంపిచ్చినవా, పోరగాండ్లు అంటున్నరు అన్నవ్. మీ అవ్వ చేతుల బీడి గట్లనే ఉండిపోయింది. లేదు బిడ్డా అన్నది. మరి పాటల ఎందుకున్నది అని అడిగినవ్.

తెల్లారి ఇద్దరం జగిత్యాల పోయినం, పాస్టరయ్య కాడికి. పాట మీద పేరు తీసేసుడు ఎట్ల అని అడుగుటానికి. ఆయిన మంచోడు, చాయ ఇచ్చి కూసోవెట్టిండు. అంత ఇని దావీదు పాటనే తీసిండు. ఆ పాట మీద దావీదు అని పేరు ఉంటదట, ఎప్పుడు కట్టిండో గూడ ఉంటదట. కని చదువుకున్నోళ్లల్ల కొందరు, గా మీది మాట తర్వాతోళ్లు రాసిండ్రు, పాట గుడిల పాడేటోళ్లు ఎవలో కట్టి రాజు పేరు వెట్టిండ్రు అంటరట. ఎవలు కట్టిండ్రో దేవునికే ఎరుక అన్నడు. అయినా ఇన్ని వేల ఏండ్ల సంది లోకం దాన్ని దావీదు కన్నీళ్లనే అంటది, పేరు ఒకపారి పడితె పోదమ్మా అన్నడు.

మీ అవ్వ మెల్లగ అడిగింది, అయ్యగారు, చచ్చిపోయిన ఊరియా పేరు ఆ పాటల ఉన్నదా అని. పాస్టరయ్య అద్దాలు పెట్టుకొని మీది నుంచి కిందికి సూసిండు. లేదమ్మా అన్నడు. మీద రాసిన మాటల ప్రవక్త పేరున్నది, ఆ ఆడామె పేరున్నది, ఊరియా పేరు లేదు. పాటల రాజు, దేవా, నీకు ఒక్కనికే తప్పు చేసిన అంటడట. మీ అవ్వ, ఒక్క దేవునికేనా అయ్యగారు, అని లేసింది.

బస్సుల నా పక్కన కూసుండి కిటికీలకెల్లి సూస్తున్నది. ఊరు దగ్గరికి అచ్చినంక అన్నది.

"వదినె, యోహానన్న పాటల గూడ చచ్చినోని పేరు లేదు."

నాకు సమజ్ కాలే. అది నా దిక్కు తిరిగి, నోటితోని చంపిన అని ఊకెనే ఎవలన్న కడుతరా, అన్ని పాటలల్ల పేరు వెట్టుకునేటోడు దీంట్ల ఎందుకు వెట్టుకోలే అన్నది. బొంద తవ్వుకుంట పాట రాక నోరు మూసుకున్న ఆయినె మొకం నా కండ్ల ముందట్కి అచ్చింది.

ఇంటికి పోలే. సీదా యోహాను ఇంటికే పోయినం. శాంత పొలం కాడికి కైకిలికి పోయింది, పిల్లలు బడికి పోయిండ్రు. ఆయినె అరుగు మీద కూసుండి కంజరకు తోలు బిగిస్తుండు. మీ అవ్వ కూసోలే. నిలవడి ఒక్కటే మాట అడిగింది.

"యోహానన్నా, నోటితోని ఎవలను చంపినవ్?"

ఆయినె కంజర కింద పెట్టిండు. అబద్ధం చెప్తడనుకున్న. చెప్పలే. మోకాళ్ల నడుమ తల వెట్టుకొని ఏడ్సిండు. ఠాణాల కాళ్లు చితగ్గొడితె ఓర్సుకోలేక మామిడితోట ముచ్చట చెప్పిండట. ఇద్దరు చచ్చినంక అన్నలు ఆయిననే పిలిసిండ్రట, నువ్వు ఠాణాకు పోయినవ్ గదా, నువ్వు గాకుంటె ఎవలో చెప్పు అన్నరట. జగిత్యాలకు రోజు పోయొచ్చేటోడు బుచ్చయ్య. గా పేరు నోట్లెకెల్లి జారింది చెల్లె అన్నడు. జారిందట. పసుపు కొమ్మా జారుటానికి?

ఇను, ఇంకా ఉన్నది. కండ్లు తుడుసుకొని ఒక ఉపాయం చెప్పిండు. నీ పేరు తీసేసి బుచ్చయ్య పేరు వెడదాం, పాపి బుచ్చయ్య మొక్కంగ అని, పాట అందంగనే కూసుంటది, నీ మీద మాట పోతది అన్నడు. ఇంకో మాట గూడ అన్నడు. "చచ్చినోనికి ఏం గాదు గదా చెల్లె."

నేను కంజర తీసి వాకిట్ల ఇసిరికొట్టిన. తోలు పలిగింది. మీ అవ్వ నన్ను ఆపింది. మా ఆయినె పేరు వెడితె ఆయిననే తప్పు చేసిండని మల్ల బొందల నుంచి లేపి మల్ల చంపినట్టన్నా అన్నది. అరువలే, తిట్టలే. నీ పాటకు నీ పేరు నువ్వే వెట్టుకో, ఐతారం చర్చిల పాడు, బుచ్చయ్య తప్పు లేదని ఒక్క మాట అను, అదే దినం శాంతను, పిల్లలను తీసుకొని బొంబాయి దిక్కు భీవండికి పో, నీ బామ్మర్ది ఉన్నడు గదా, ఎవ్వలు నిన్ను అందుకోలేరు అన్నది. తోవ గూడ చూపెట్టింది బిడ్డా. ఆయినె సరే అన్నడు. ఏడ్సుకుంట సరే అన్నడు.

ఇంటికచ్చినంక నాకు కూసోబుద్ది కాలే. ఐతారం దాక ఎందుకు, అన్నలకు ఎవలతోని కబురు వోతదో నాకు ఎరుకే, ఇప్పుడే పోయి చెప్త అన్న. చెప్పులేసుకున్న. మీ అవ్వ తలుపుకు అడ్డం నిలవడ్డది. "మనూర్ల పేరు చెప్పుడంటె చంపుడే వదినె. ఆయినె చేసింది గదే గదా" అన్నది. మనం గూడ గదే చేద్దామా, శాంత మెడల పుస్తెలు తెంపుదామా అన్నది. గప్పుడే నా చెయ్యి గుంజి నెత్తి మీద వెట్టుకున్నది. చెప్తె నా పీనుగను సూస్తవ్ అన్నది. ఏం చెయ్యాలె నేను?

ఐతారం అచ్చింది. నిన్ను తెల్లగౌను ఏసి తీస్కపోయింది. నాయిన మంచోడని ఇయ్యాల అందరికి ఎరుకయితది బిడ్డా అన్నది నీతోని, నేను ఇన్న. నువ్వు దాని చెయ్యి వట్టుకొని నడిసినవ్.

యోహాను లేసిండు. కొత్త తోలు ఎక్కిచ్చిన కంజర. ఎన్నడు పాడనట్టు పాడిండు. దొంగ ఏడుపు గాదు, గది నేను చెప్పకతప్పదు. నిజంగనే ఏడ్సిండు. మొగోళ్లు కండువలతోని మొకాలు తుడుసుకున్నరు. ఆఖరు చరణం అచ్చింది. పాపి అన్నడు. ఆగిండు. కంజర ఆగింది. మీ అవ్వ నా మోకాలు గట్టిగ వట్టుకున్నది, గోర్లు దిగినయ్. ఆయినె శాంత దిక్కు సూసిండు. శాంత ఒడిల చిన్నపోరి నిద్రవోతున్నది. భీవండి బస్సు ఎక్కుటానికి మూటలు గట్టిన జాడ లేదు శాంత మీద, ఆమెకు చెప్పనే చెప్పలే ముండకొడుకు.

ముత్తమ్మ మొక్కంగ ఇనవయ్యా అని పాడిండు.

మీ అవ్వ ముందటనే పాడిండు. కండ్లు మూసుకొని పాడిండు.

ఆమేన్ అన్నరు అందరు. తలలన్ని మా దిక్కు తిరిగినయ్. ఐలయ్య కట్టె వట్టుకొని లేసి అచ్చిండు. ఆయిన మొకంల కోపం లేదు, కన్నీళ్లున్నయ్. ముత్తమ్మా, ఊరంత అనుకుంటున్నది, దేవుని ఇంట్ల అడుగుతున్న, గీ పాట నీదేనా బిడ్డా అన్నడు. నా నోట్లె యోహాను పేరు ఉన్నది. నాలిక మీద ఉన్నది. లేవబోయిన. మీ అవ్వ నా భుజం మీద చెయ్యి వెట్టి తను లేసింది.

"నాదే నాయినా. నోటితోని చంపిన. మా ఆయినె ఎవ్వల పేరు చెప్పలే. ఆయినెది ఏ తప్పు లేదు."

గప్పుడే నువ్వు చెయ్యి గుంజుకున్నవ్. గౌనుకు తుడుసుకున్నవ్ చెయ్యి. నేను సూసిన, మీ అవ్వ గూడ సూసింది.

ఆడోళ్లందరు అచ్చి దాన్ని పట్టుకొని ఏడ్సిండ్రు. దేవుడు క్షమిస్తడు ముత్తమ్మా, రాజునే క్షమించిండు, నిన్ను క్షమించడా అన్నరు. చెయ్యని తప్పుకు ఊరంత క్షమించింది బిడ్డా. యోహాను మూలకు కూసున్నడు. ఐలయ్య మంది దిక్కు తిరిగి, బుచ్చయ్య మీద నింద పడ్డది, తప్పు లేని మనిషిని పాట లేకుంట మన్ను చేసినం, పదండి, ఇప్పుడే పోదాం అన్నడు. చర్చి చర్చంత బొందలగడ్డకు నడిసింది. మీ నాయిన మన్ను మీద పాట పాడిండ్రు, ప్రార్థన చేసిండ్రు. ఐలయ్య గొంతెత్తి బుచ్చయ్య అని పిలిసిండు. సమాధుల పండుగకు ఆయినె పేరు చదువుతున్నది గా ఏడు సంది. నువ్వు ఇన్నేండ్లు పూలు పెడుతున్న రాయి, నాయిన దేవుడసుంటోడని పిల్లలకు చెప్పుకుంటున్న ముచ్చట, గదంత గా దినం పుట్టింది.

గాడ నిలవడి దాని చెవుల అడిగిన, ఏం పని చేసినవే అని. అది మన్ను దిక్కే సూసుకుంట చెప్పింది. యోహాను పేరు చెప్తె యోహాను పోతడు. ఊకుంటె మా ఆయినె పోలీసుల మనిషిగనే ఉండిపోతడు. పాట తప్పు లేనోన్ని చంపిన్నని చెప్తది గదా వదినె, పాట నాదంటె ఆయినె తప్పు లేనోడు అయితడు, అందుకే నాదన్న అన్నది. మరి రూతు సంగతేంది అన్న. దానికి తండ్రి మంచోడయితె సాలు అన్నది.

మల్లి అచ్చేటప్పుడు నువ్వు నా ఏలు వట్టుకున్నవ్. దాని దిక్కు తిరిగి సూడలే. రా బిడ్డా, ఎత్తుకుంట అని అది చేతులు సాపితె నా చీర ఎనుకకు పోయినవ్. నేనేం చెయ్యాలె, ఒట్టు ఉన్నది. నిన్ను తీసుకొని ముందట నడిసిన. మీ అవ్వ జర దూరంల మన ఎనుక నడుసుకుంట అచ్చింది.